రాత్రి పదింటికి పొయ్యి వెలిగే ఊరు

కడుపు మండి రాస్తున్నాను. మాటవరసకి అంటున్నది కాదు, నిజంగానే మండింది. నిన్న సాయంత్రం ఆరున్నరకి మా అత్తగారినీ మా అమ్మాయినీ వెంటబెట్టుకుని సముద్రపొడ్డున ఉన్న ఒక హోటలుకి వెళ్ళాను. గొడుగుల కింద బల్లలు వేసున్నాయి. తెల్లచొక్కా కుర్రాడు నవ్వుతూ ఎదురొచ్చి కుర్చీ లాగాడు. తినడానికేముంది బాబూ అన్నాను. అతను నా మొహం చూశాడు, చేతి గడియారం చూశాడు, మళ్ళీ నా మొహం చూశాడు. వంటగది ఎనిమిదిన్నరకి తెరుస్తారట. ఈలోగా చల్లగా ఏమన్నా తాగొచ్చట, దాంతోపాటు చిన్న గిన్నెలో ఆలివ్ కాయలు పెడతాడట. మా అత్తగారికి షుగరు. ఆవిడ రాత్రి భోజనం ఏడున్నరకి, కాకినాడలోనైనా కాశీలోనైనా.

“హోటల్లో వంటిల్లు మూసెయ్యడమేంటే అమ్మాయ్? మూసేశాక అది హోటలెలా అవుతుంది?” అన్నారావిడ. అంటూనే ఒక ఆలివ్ కాయ నోట్లో వేసుకుని, ఉప్పులో ఊరేసిన ఉసిరికాయ అనుకుని గట్టిగా కొరికి, మొహం చిట్లించారు.

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఈ ఊరొచ్చిన దగ్గర్నుంచీ లేదు.

మేముండేది స్పెయిన్ దక్షిణ తీరాన, మాలగా నగరానికి తూర్పున, రింకోన్ దె లా విక్టోరియా అనే ఊళ్ళో. మా ఆయన ఆఫీసు మాలగాకి అటుపక్క, కంపనియాస్ దగ్గరి టెక్నాలజీ పార్కులో. 1992లో ఆ పార్కు తెరిచారు. 2023లో గూగుల్ కూడా మాలగాలో సైబర్ సెక్యూరిటీ కేంద్రం పెట్టాక, ఎండకీ బీచికీ పేరుపడ్డ ఊరు కాస్తా కంప్యూటర్లకీ పేరు తెచ్చుకుంది. ఆఫీసుకి దగ్గర్లో ఇల్లు చూసుకోవచ్చు కదా అంటే మా ఆయన వినలేదు. కాకినాడలో పుట్టిన మనిషి, ఉప్పుగాలి తగలనిదే నిద్రపట్టదట. సరే, ఇక్కడ అద్దెకి తీసుకున్నాం. బాల్కనీలోంచి కాస్త ప్రాణాలకి తెగించి వంగితే, రెండు బిల్డింగుల మధ్య గజం వెడల్పున సముద్రం కనబడుతుంది. ఇంటి ఫొటోలు పంపమని మా చుట్టాలు అడిగినప్పుడల్లా ఆయన ఆ గజం సముద్రాన్నే పంపుతారు.

ఊరు మంచిది. ఆ మాట ముందే ఒప్పుకుంటాను. కొండని తొలిచి ఒకప్పుడు రైలు వేశారు. 1968లో ఆ రైలు ఆగిపోయింది. ఇప్పుడా సొరంగాల్లోంచి సముద్రం పక్కనే జనం నడిచిపోతుంటారు. ఎండాకాలం మధ్యాహ్నం సొరంగంలో అడుగుపెడితే ఒళ్ళంతా చల్లబడుతుంది. ఇక్కడి నెత్తళ్ళకి ఈ తీరమంతటా పేరుంది. ఐదేసి చేపలని తోకల దగ్గర అతికించి, విసనకర్రలా విప్పి, పిండిలో పొర్లించి వేయిస్తారు. తోక పట్టుకుని లేపితే ఐదూ కలిసే లేస్తాయి. మా అత్తగారు మొదటిసారి అది చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత “ముల్లు తియ్యలేదు, కారం వెయ్యలేదు. అయినా బావుంది” అన్నారు. ఆవిడ నోట చేపకి సంబంధించి ఇంతకన్నా పెద్ద మెచ్చుకోలు నేను వినలేదు.

కానీ ఆ నెత్తళ్ళు ఎప్పుడు దొరుకుతాయి? మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా. మళ్ళీ రాత్రి ఎనిమిదిన్నర దాటాక. ఈ మధ్యలో మనిషికి ఆకలేస్తే అది ఆ మనిషి తప్పు.

వీళ్ళ రోజు ఎలా నడుస్తుందో చెబుతాను, మీకు అర్థమవుతుంది. పొద్దున్న లేచి ఒక కాఫీ. పదిన్నర, పదకొండుకి అసలు టిఫిను: బన్నులాంటి చిన్న రొట్టెని కాల్చి, టమాటా గుజ్జు పూసి, పైన ఆలివ్ నూనె పోసుకుని తింటారు. బ్యాంకులో ఉన్నా, బడిలో ఉన్నా, కరెంటు స్తంభం మీద ఉన్నా ఆ వేళకి దిగొచ్చి తినాల్సిందే. రెండున్నరకి భోజనం. చిన్న కొట్లన్నీ రెండింటికల్లా షట్టరు దించేసి ఐదింటికి తీస్తాయి. ఆరింటికి పిల్లలకి ఏదో ఒక తీపి. తొమ్మిదిన్నర, పదికి రాత్రి భోజనం. ఎండాకాలమైతే పదిన్నర. మా కింది ఇంటి వంటగదిలో మూకుడు చప్పుడు నేను పక్కమీద పడుకునే వింటాను.

ఇక్కడొక మాట న్యాయంగా చెప్పాలి. ఇదే తీరంలో పడమటి వైపు, టోరెమోలినోస్‌కో ఫుయెన్హిరోలాకో వెళితే ఇంగ్లీషు వాళ్ళ పుణ్యమా అని సాయంత్రం ఆరింటికి కూడా వేడివేడిగా ఏదో ఒకటి దొరుకుతుంది. ఇక్కడా ఆ వేళకి కాఫీ హోటళ్ళలో కేకు ముక్క దొరుకుతుంది. షుగరున్న పెద్దావిడకి కేకు ముక్క! నా బాధల్లా ఏంటంటే, వీళ్ళకి తిండి విషయంలో తెలివి లేక కాదు. మాలగాలో కాఫీలో పాలెంత, డికాషనెంత అన్నదానికి పది కొలతలున్నాయి. సెంట్రల్ అనే పాత కాఫీ హోటలువాళ్ళు ఆ పదింటినీ గ్లాసుల బొమ్మలు గీయించి గోడ మీద పలకలుగా పెట్టారు. పదో గ్లాసు ఖాళీ, అంటే నాకొద్దు అని. 2022లో ఆ హోటలు మూతపడింది గానీ కొలతలు ఊరంతా అలాగే ఉన్నాయి. కాఫీలో పాలచుక్క దగ్గర ఇంత పట్టింపున్న జనం, ఆరున్నరకి ఒక మనిషికి ఆకలేస్తుందన్న సంగతి ఎలా మర్చిపోయారు?

అదే వేళకి మా కాకినాడ భానుగుడి సెంటర్లో బండ్లవాళ్ళు మూకుళ్ళు దించే పనిలో ఉండరు, ఎక్కించే పనిలో ఉంటారు. మిరపకాయ బజ్జీ, పునుగులు, ముంతమసాలా. కాగితం పొట్లంలో నూనె ఊరుతూ ఉండగా నిలబడి తినేసి, చెయ్యి తుడుచుకుని ఇంటికెళ్ళి మళ్ళీ భోంచేసే జాతి మనది. అలా తినకూడదని డాక్టర్లు చెబుతారు, నాకు తెలుసు. నేను ఆరోగ్యం గురించి మాట్లాడటం లేదు, మర్యాద గురించి మాట్లాడుతున్నాను. మేం డొక్కా సీతమ్మగారి గోదావరి సీమ మనుషులం. లంకల గన్నవరంలో ఆవిడ ఇంటి తలుపు తట్టినవాడు ఏ వేళకొచ్చాడని ఎవరూ అడగలేదు. అంతర్వేది స్వామిని చూడాలని బయల్దేరి, దారిలో ఎవరో ఆకలితో తన ఇంటికే వస్తున్నారని విని, దర్శనం మానుకుని వెనక్కి తిరిగి వచ్చి వంట చేసిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మహాతల్లి గుమ్మానికి ‘వంటగది రాత్రి ఎనిమిదిన్నరకి’ అని బోర్డు కట్టి ఊహించుకోండి. నిన్న ఆలివ్ గింజ చేతిలో పట్టుకుని మా అత్తగారు ఊహించుకున్నారు. పైకే ఊహించుకున్నారు. ఆ కుర్రాడికి తెలుగు రాకపోవడం మంచిదైంది.

మా ఆయన ఇంజనీరు. ఆయనకి ఏ కష్టం చెప్పుకున్నా ఓదార్చరు, కారణం చెబుతారు. రాత్రి నేను ఉప్మా కలుపుతుంటే పక్కన నిలబడి చెప్పారు. తప్పు స్పెయిన్ వాళ్ళది కాదట, వాళ్ళ గడియారానిదట. మేప్‌లో చూస్తే మాలగా లండన్ కన్నా పడమటికి ఉంది. న్యాయంగా లండన్ టైములో ఉండాలి. 1940 మార్చి 16న రాత్రి పదకొండు కొట్టగానే ఫ్రాంకో ప్రభుత్వం గడియారాలని పన్నెండుకి తిప్పించేసింది, బెర్లిన్‌తో సమానం అయ్యేలా. పాత టైము మళ్ళీ ఎప్పటినుంచన్నది తర్వాత చెబుతామని ఆ ఉత్తర్వులోనే ఉందట. ఎవరూ చెప్పలేదు. 2013లో పార్లమెంటు సంఘం ఒకటి వెనక్కి తిప్పుకోమని సిఫారసు చేసింది. ఎవరూ తిప్పలేదు. దానిమీద వేసవిలో ఇంకో గంట కలుపుతారు. అందుకని జూలైలో ఇక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి గడియారంలో మధ్యాహ్నం రెండూ ఇరవై. పొద్దుగుంకేది రాత్రి తొమ్మిదీ నలభైకి.

“అదే మన కాకినాడ తీసుకో” అన్నారు. ఆయన ఏ విషయం మొదలుపెట్టినా చివరికి కాకినాడే తీసుకుంటారు. దేశం మొత్తానికి టైము లెక్కగట్టే 82½ డిగ్రీల రేఖ కాకినాడ పక్కనుంచే పోతుంది. ద్వారకలో గడియారం ఒకటి చెబితే ఎండ ఇంకొకటి చెబుతుంది. అరుణాచల్‌లోనూ అంతే. కాకినాడలో మాత్రం సూర్యుడు నడినెత్తికొస్తే గోడ మీద పన్నెండు. మనం పుట్టి పెరిగిందే గడియారం నిజం చెప్పే ఊళ్ళో. అలాంటివాళ్ళని తీసుకొచ్చి ఈ ఊళ్ళో పడేస్తే కడుపుకి దిక్కు తోచదా మరి?

ఇది విని మా అత్తగారు గరిటె నా చేతిలోంచి తీసుకుని కుర్చీలో కూర్చున్నారు. లెక్కల పంతులుగారి కూతురావిడ. “అయితే రెండున్నరకి తినేవాడు ఎండ ప్రకారం పన్నెండుకే తింటున్నాడన్నమాట. రాత్రి పదిన్నర అంటే?” అన్నారు. ఎనిమిదీ పది అన్నారు మా ఆయన. “ఓసినీ! అయితే వీళ్ళూ మనమూ ఒక వేళకే తింటున్నాంగా! ఈ మాత్రం దానికి నువ్వు పొద్దస్తమానం వీళ్ళని ఆడిపోసుకుంటావేంటే?”

చూశారా. అరగంట క్రితం సీతమ్మగారిని తోడు తెచ్చుకున్న మనిషి, ఒక తీసివేత అయ్యేసరికి అటుపక్క చేరిపోయారు. మళ్ళీ ఆవిడే, ఉప్మా కంచం ముందుకు లాక్కుంటూ, “మరి ఇన్నేళ్ళయింది కదా, గడియారం సరిచేసుకోకూడదట్రా?” అని కొడుకుని అడిగారు. దానికి ఆయన దగ్గరా కారణం లేదు.

నేను మాత్రం ఒప్పుకోలేదు. ఆ లెక్కే నిజమైతే నిన్న ఆరున్నరకి నాకెందుకు ఆకలేసింది? ఎండ ప్రకారం అది సాయంత్రం నాలుగూ పది. నాలుగూ పది అంటే టిఫిను వేళ! మరి టిఫినేదీ? పోనీ ఎండనే నమ్ముకుందామా అంటే, బడి ఎండని చూసి తెరవరు. పొద్దున్న తొమ్మిదంటే తొమ్మిదే. జనవరిలో ఇక్కడ తెల్లారేదే ఎనిమిదిన్నరకి. మా అమ్మాయి వీపున సంచీ తగిలించుకుని, వీధి దీపాలు ఆరకముందే ఆవులిస్తూ బయల్దేరుతుంది. రాత్రి పదకొండు దాటాక పడుకుని, చీకట్లో లేచి బడికెళ్ళే పిల్లల్ని చూస్తే ఫ్రాంకో గారిని నాలుగు తిట్టాలనిపిస్తుంది. ఆయన 1975లోనే పోయాడు. ఆయన గడియారం మాత్రం మా వంటగది గోడ మీద నడుస్తోంది.

కోపంలో ఉన్నప్పుడు కూడా ఒకటి చెప్పకుండా ఉండలేను. ఆ రాత్రి వేళలు చూడాల్సిందే. తొమ్మిదిన్నర దాటాక ఎండ తగ్గి, సముద్రం మీంచి గాలి తిరిగి, ఊరంతా బయటికొస్తుంది. ముసలమ్మలు చక్కగా తల దువ్వుకుని, పౌడరు రాసుకుని, చేతిలో చెయ్యి వేసుకుని ఇద్దరిద్దరుగా నడుస్తారు. ఇళ్ళలోంచి మడత బల్లలు, మడత కుర్చీలు, మంచు డబ్బాలు మోసుకొచ్చి ఇసకలో పరుస్తారు. తాతల దగ్గర్నుంచి చంకబిడ్డల దాకా ఒకే బల్ల. డబ్బా మూత తీస్తే బంగాళాదుంప, గుడ్డు కలిపి చేసిన దిమ్మలాంటి అట్టు. దాన్ని ముక్కలు కోసి పంచుతారు. తినడం అయిపోయాక ఎవరూ లేవరు. గంటన్నర మాటలే. మా అత్తగారు మన కార్తీకమాసం వనభోజనాలు వీళ్ళకి రోజూనా అని అడిగారు. పక్కబల్ల వాళ్ళు పరిచయం లేకపోయినా ఆవిడకి కుర్చీ ఇచ్చారు, భాష లేకపోయినా మాట్లాడారు. కాకినాడలో రాత్రి పదకొండుకి ఒక డెబ్భై ఏళ్ళ ఆడమనిషి ఒంటరిగా బీచిలో కూర్చుని ఐస్‌క్రీము తింటే ఇంట్లో ఎన్ని ఫోన్లు మోగుతాయో నాకు తెలుసు.

ఇంకా ఆ జాజులు. మాలగాలో ఎండాకాలం సాయంత్రాలు తెల్లచొక్కా, నడుముకి ఎర్రగుడ్డ కట్టుకున్న మనుషులు కొందరు, పలకలాంటి ఆకుమట్ట ఒకటి ఎత్తిపట్టుకుని తిరుగుతుంటారు. దాని నిండా తెల్లటి బంతులు గుచ్చి ఉంటాయి. మొదటిసారి చూసి నేను కాగితం పువ్వులనుకున్నాను. అత్తగారు దగ్గరికెళ్ళి వాసన చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయారు. జాజిమొగ్గలవి. పొలాల్లో దొరికే గొడుగు పువ్వు మొక్కని కోసి ఎండబెడతారు, పుల్లలు గట్టిపడతాయి. మొగ్గ విచ్చకముందే కోసి ఒక్కో పుల్లకి ఒక్కో మొగ్గ చొప్పున గుచ్చుతారు. పూలు దారంతో కట్టే చెయ్యి గనక అత్తగారు ఆ పని విలువ కళ్ళతోనే కట్టేశారు. అమ్మేవాడి వేళ్ళకేసి చూసి, “పాపం, పుల్ల పుల్లకీ గుచ్చాడే. మనం అయితే ఈ పాటికి నాలుగు మూరలు కట్టేద్దుం” అన్నారు. ఒకటి కొన్నాం. తలలో పెట్టుకోడానికి కుదరదు, కాడ గట్టిగా ఉంటుంది. ఇంటికి తెచ్చి వెంకటేశ్వరస్వామి పటం పక్కన గ్లాసులో నిలబెట్టాం. సాయంత్రం ఏడింటికి కూడా మొగ్గలు ముడుచుకునే ఉన్నాయి. రాత్రి మేం పడుకోబోయే వేళకి విచ్చుకుని ఇల్లంతా వాసన. పువ్వు కూడా వీళ్ళ టైములోనే పనిచేస్తుంది.

మధ్యాహ్నం నిద్ర గురించి ఇక్కడివాళ్ళని వెక్కిరించేవాళ్ళంటే మాత్రం నాకు పడదు. మా ఆయన స్నేహితుడు ఒకడు డల్లాస్ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా, ఏరా ఇంకా నిద్రపోతున్నారా మీవాళ్ళు, అని ఇకిలిస్తాడు. మా ఆయన ఆఫీసులో ఒక్కడూ నిద్రపోడు, డబ్బాలో అన్నం బల్ల దగ్గరే తినేస్తారు. ఊళ్ళో పెద్దవాళ్ళు నిద్రపోతారు, నిద్రపోనీ. పిఠాపురంలో మా అమ్మమ్మగారి ఇంట్లో మాత్రం ఏమయ్యేది? పన్నెండింటికి విస్తళ్ళు, ఒంటిగంటకి నడుం వాల్చడం. వీధి తలుపు గడియ పెట్టి, వరండాకి వట్టివేళ్ళ తడికలు దించి, వాటిమీద చెంబుతో నీళ్ళు చల్లేవాళ్ళు. గచ్చు మీద చీర కొంగు పరుచుకుని అమ్మమ్మ, నులక మంచం మీద తాతయ్య, మిగతావాళ్ళు ఎక్కడ చోటుంటే అక్కడ. తడిక సందుల్లోంచి పడ్డ ఎండ గీతలు గచ్చు మీద ఎంత దూరం జరిగాయో చూస్తూ మేం పిల్లలం మెలకువగా పడుకునేవాళ్ళం. ఐసు బండివాడు ఆ వేళప్పుడు గంట కొట్టాడా, తాతయ్య మంచం మీంచే అరిచేవారు. “మనుషులు పడుకునే వేళ అని తెలీదట్రా!” మూడింటికి కాఫీ గ్లాసుల చప్పుడుతో ఇల్లు మళ్ళీ లేచేది. బజారులో బట్టల కొట్లవాళ్ళు కూడా ఎండాకాలం సగం తలుపులు వేసుకుని బేళ్ళ మీద కునికేవాళ్ళు. అది ఎప్పుడు పోయిందో, ఎవరు తీసుకుపోయారో నాకు గుర్తులేదు. ఒక ఏడు సెలవులకి వెళ్ళేసరికి తడికలు లేవు, కూలరొచ్చింది. తాతయ్య మంచం మేడమీదకి ఎక్కేసింది.

ఇంత సానుభూతి ఉన్న నా మీదనే, ఇదే నిద్ర పేరుతో కంప్లైంటొచ్చింది. మా లిఫ్టులో ఒక కాగితం అంటించి ఉంటుంది, మూడు నుంచి ఐదు దాకా చప్పుడు చెయ్యొద్దని. అత్తగారు వచ్చేటప్పుడు సూట్‌కేసులో చీరలు తగ్గించుకుని చిన్న గ్రైండరు ఒకటి తెచ్చారు. మినప్పప్పు ఎప్పుడు నానితే అప్పుడే రుబ్బాలన్నది ఆవిడ సిద్ధాంతం, అది మూడింటికి నానింది. గ్రైండరు తిరగడం మొదలైన పది నిమిషాలకి గుమ్మంలో కింది ఇంటావిడ. ఎనభైకి దగ్గరగా ఉంటుంది, పువ్వుల గౌను, చేతిలో విసనకర్ర. కోప్పడలేదు. మా ఇంట్లో ఏమన్నా మిషను పాడైందా అని అడిగింది. పాపం, లారీ ఏదో మెట్లెక్కుతోందనుకుందట.

ఆవిడ వెళ్ళాక అత్తగారు అందుకున్నారు. “మనింట్లో మనం పిండి రుబ్బుకోడానికి కూడా ముహూర్తం పెట్టించుకోవాలా? రాత్రి పన్నెండుకి ఆ కింద పిల్లలు బంతితో గోడలు బాదుతుంటే అది చప్పుడు కాదు. కుర్చీలు ఈడుస్తూ మగాళ్ళు విరగబడి నవ్వుతుంటే అది చప్పుడు కాదు. నా మినప్పిండి చప్పుడా?” ఈ విషయంలో నేను నూటికి నూరుపాళ్ళూ అత్తగారి పక్షం. మాకు నిద్ర పట్టే వేళ వీళ్ళకి సందడి వేళ. మాకు పని వేళ వీళ్ళకి నిద్ర వేళ. ఒకే గోడకి అటూ ఇటూ ఉన్నాం.

మర్నాడు అత్తగారు ఆ పిండితోనే మందంగా మినపరొట్టె కాల్చారు, గోదావరి జిల్లాల పద్ధతిలో, మూత పెట్టి, కింద ఎర్రగా కరకరలాడేలా. నాలుగో వంతు కోసి పళ్ళెంలో పెట్టి, కొబ్బరి పచ్చడి పక్కన వేసి, కిందికి ఇచ్చి రమ్మన్నారు. సంధికి కాదట, ఊరికేనట. ఆరింటికి వెళ్ళాను, ఈ ఊళ్ళో ఏదైనా నోట్లో వేసుకునేది ఆ వేళకే గనక. కింది ఇంటావిడ రొట్టె విరిచి వాసన చూసింది. పచ్చడిని వేలి కొసతో ముట్టుకుంది, పక్కకి జరిపింది. లేచి వెళ్ళి అలమరలోంచి నల్లటి పాకం ఉన్న సీసా తెచ్చి రొట్టె మీద ధారగా పోసింది. నాకు ప్రాణం ఉసూరుమంది. అది ఫ్రిహిలియానా అనే కొండ ఊళ్ళో తయారయ్యే చెరకు పాకం. చెరకు రసాన్ని కాచి కాచి చిక్కబరుస్తారు. ఇక్కడ వేయించిన వంకాయ ముక్కల మీద పోసుకుని తింటారు. కొంచెం సీసాలో పోసి పైకి పంపింది, మీ అత్తగారికి అని.

అత్తగారు చెంచాతో తీసి నాలిక మీద వేసుకున్నారు. ఆవిడ మొహంలో వచ్చిన మార్పు చెప్పలేను. “ఇది పానకమే! మినపరొట్టెలో పానకం పోసుకునే కదే మనం తినేది! ఆవిడకెవరు చెప్పారే?” షుగరు సంగతి గుర్తుచేశాను. విననట్టు ఊరుకున్నారు. ఇక్కడి ఎండకి, ఈ తీరానికి చెరకు వందల ఏళ్ళ కిందట అరబ్బులు తెచ్చి నాటారని మా ఆయన కారణం చెప్పబోయారు. ఎవరూ వినలేదు. అప్పట్నుంచీ కింది ఇంటావిడకీ మా అత్తగారికీ మధ్య నేను పోస్టుమేన్‌ని. రొట్టె కిందికి పోతుంది, పాకం పైకొస్తుంది. గ్రైండరు మాత్రం ఐదింటికే తిరుగుతుంది. ఆ ఒక్క విషయంలో కింది ఇంటావిడ మెత్తబడలేదు.

జూలై 16న ఈ తీరం పొడుగునా కార్మెన్ మాత పండగ. అమ్మవారిని జాలర్లు భుజాల మీద ఎత్తుకుని సముద్రంలోకి తీసుకెళతారు, పడవలన్నీ వెంట వెళతాయి. ఉప్పాడ దగ్గర గంగమ్మని తల్చుకుని వేటకెళ్ళే మనుషుల్ని చూసినవాళ్ళకి కొత్తగా ఏం అనిపించదు. పండగ రాత్రి భోజనానికి రమ్మని కింది ఇంటావిడ పిలిచింది. మీ అత్తగారు పెద్దావిడ కదా, ఆవిడ కోసం పెందరాళే పెడతాను, తొమ్మిదీ ముప్పావుకల్లా వచ్చెయ్యండి అంది. అత్తగారు సంతోషంగా ఒప్పుకున్నారు. ఏడున్నరకి ఇంట్లో పెరుగన్నం తినేసి, తొమ్మిదీ ముప్పావుకి మర్యాద కోసం వెళతారట. రెండు భోజనాలు ఎలా పడతాయత్తయ్యగారూ అంటే, భానుగుడి సెంటర్లో బజ్జీలు తిని ఇంటికెళ్ళి తినలేదా అన్నారు.

నా పోరాటం ఇంక ఓడిపోయినట్టే అని నాకు తెలిసింది మా అమ్మాయి వల్ల. మొన్న ఏడున్నరకి కంచం పెడితే, ఇంకా పొద్దుండగానే అన్నమేంటమ్మా అని నవ్వింది. బడికి సెలవులు కదా, స్నేహితురాలి ఇంట్లో పదింటికి తిని, పదకొండున్నర దాకా కింద ఆడుకుని, పొద్దున్న పదింటికి లేస్తుంది. అత్తగారికి ఇదేమీ తప్పుగా కనిపించదు, ఎండ లెక్క చెబుతారు.

ఆగస్టులో కాకినాడ వెళుతున్నాం. ఆదివారం సామర్లకోటకి ఫోన్ చేస్తే మా అమ్మ ఇప్పట్నుంచే జాబితాలు రాసుకుంటోంది. ఏం వండాలి, ఏం వద్దు, పిల్ల కారం తింటుందా అన్నీ అయ్యాక, “ఇంతకీ పిల్లకి అన్నం ఎన్నింటికి పెట్టమంటావే?” అంది. నేను నోరు తెరిచేలోపు వెనకనుంచి మా అమ్మాయి “పదిన్నరకి అమ్మమ్మా!” అని కేకేసింది.

అమ్మ సంబరానికి అంతులేదు. “మా తల్లే! పదిన్నరకల్లా అన్నం తినేస్తుందా? ఇంకేం, టిఫిను పెట్టే పనే లేదు. మా చిన్నప్పుడు బడికి మేమూ అలాగే తినేసి వెళ్ళేవాళ్ళం. విదేశాల్లో ఉన్నా ఎంత పద్ధతిగా పెంచావే!” అంది.

మా అత్తగారు పక్కనుంచి, చెప్పకు అని నాకు చేత్తో సైగ చేశారు.